అమ్మ మతిమరుపు వెనక ఫిట్స్ కూడా ఉన్నాయట. ఈ రెండూ మెదడులో ఒకచోటే మొదలవుతాయా?

పులిగడ్డ_లాకులు | ఫిబ్రవరి 3, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా అమ్మకి 68. దివిసీమలో టీచరుగా చేసి రిటైరయింది. రెండేళ్లుగా మతిమరుపు. పొద్దున తాగిన కాఫీ పదింటికి గుర్తుండదు. "ఇవాళ నాకు కాఫీ ఇవ్వలేదేమ్మా" అని మా ఆవిడని అడుగుతుంది. అదే 1977 ఉప్పెన గురించి కదిపితే మాత్రం ఏ డాబా మీదికి ఎవరెవరు ఎక్కారో, అన్నం పొట్లాలు ఎప్పుడొచ్చాయో వరసపెట్టి చెబుతుంది. స్కాన్ తీసి అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. మందు వాడుతున్నాం.

అసలు గొడవ ఇది కాదు. ఏడాదిగా అప్పుడప్పుడు, ఎక్కువగా నిద్రలేచిన అరగంటలోపే, ఒకటి రెండు నిమిషాలు ఎటో చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. ఏదో నములుతున్నట్టు పెదాలు ఆడిస్తుంది, పమిట చెంగు నలుపుతుంది. తర్వాత లేచి తన పని తను చేసుకుంటుంది గానీ ఆ రోజంతా మతిమరుపు రెట్టింపు. మొదట్లో చూపించిన డాక్టరుగారికి రెండుసార్లు చెప్పాం. "ఈ వయసులో పరధ్యానం మామూలే" అన్నారు. మొన్న ఇంకో న్యూరాలజిస్టుకి నేను ఫోన్లో తీసిన వీడియో చూపించాను. ఆవిడ సగం కూడా చూడకుండానే "ఇవి ఫిట్స్ అండి" అన్నారు.

ఫిట్స్ అంటే కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం అనే నాకు తెలుసు. ఈవిడ కుర్చీలోంచి కూడా జారలేదు. నా ప్రశ్న ఒకటే. మతిమరుపు వల్ల ఫిట్స్ వచ్చాయా, ఫిట్స్ వల్ల మతిమరుపు వచ్చిందా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పగలరు.


తీగలబుట్ట | ఫిబ్రవరి 3, రాత్రి 11:20

వైజాగ్‌లో ఈఈజీ (మెదడులో కరెంటు అలల్ని చూసే పరీక్ష) టెక్నీషియన్‌ని, 14 ఏళ్లుగా తలలకి తీగలు అంటించడమే పని. డాక్టర్ని కాదు కాబట్టి రోగం పేరు చెప్పను. కానీ మీరు రాసిన మూడు సంగతులు, ఎటో చూస్తూ ఉండిపోవడం, పెదాలు చప్పరించడం, బట్ట నలపడం, మా గదిలో కలిపి కనబడితే మేం ముందు చూసేది కణతల పక్క తీగల్నే. చెవికి పైన, కాస్త ముందుకి. మెదడులో టెంపొరల్ లోబ్ అనే భాగం ఉండేది అక్కడే.

మెదడంతా ఒకేసారి చెలరేగితే మనిషి పడిపోతాడు. ఒక మూల మాత్రమే చెలరేగితే ఆ మూల చేసే పని మాత్రం గాడి తప్పుతుంది. పెద్దవాళ్లలో ఈ రెండో రకమే ఎక్కువ. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం అనుకుంటారు.

వీడియో తీశారు చూడండి, అది పదిమంది చేయలేని పని.


నిఘంటువు_తాత | ఫిబ్రవరి 4, ఉదయం 6:05

డాక్టర్లు వచ్చేలోపు ఒక మాట ముచ్చట. మూర్ఛ రోగానికి మన పాత పేరు అపస్మారం. స్మరించడం, స్మృతి అన్న మాటల్లో ఉన్న స్మ ఇదే. 'అప' అంటే తొలగిపోవడం. చరక సంహిత చికిత్సా స్థానంలో అపస్మారాన్ని స్మృతి తొలగిపోవడం అనే నిర్వచించారు. అంటే పేరు పెట్టేటప్పుడు వాళ్లు ముందు తీసుకున్నది కొట్టుకోవడాన్ని కాదు, మరుపుని. నటరాజు పాదం కింద ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. మన పేపర్లలో రోజూ రాసే 'అపస్మారక స్థితి' కూడా ఈ మాటలోంచి వచ్చిందే. వాడే వాళ్లకే తెలియదు.


పాలపిట్ట | ఫిబ్రవరి 4, ఉదయం 9:48

తాతగారి పోస్టు చదివి ఇవాళ ల్యాబుకి ఆలస్యమైంది. బాగుంది.

నేను అమెరికాలో ఒక ల్యాబులో ఎలుకల హిప్పోక్యాంపస్ మీద పనిచేస్తాను. లాకులుగారి ప్రశ్నకి పొట్టి జవాబు: రెండు వైపులా నిజం. పొడుగు జవాబు కింద.

టెంపొరల్ లోబ్ లోపలి అంచున చిటికెన వేలంత భాగం ఒకటి ఉంటుంది, ఇటొకటి అటొకటి. అదే హిప్పోక్యాంపస్. 1587లో అరాంజీ అనే ఇటలీ వైద్యుడికి అది సముద్ర గుర్రంలా కనబడింది, ఆ పేరే పెట్టాడు. ఇవాళ జరిగిన సంగతి రేపటికి మిగలాలంటే దీని గుండా పోవాలి. ముందు ఎంటోరైనల్ కార్టెక్స్ అనే పక్కింటి నుంచి సమాచారం వస్తుంది, డెంటేట్ గైరస్ అనే వంపులోకి దిగుతుంది, అక్కడి నుంచి హిప్పోక్యాంపస్‌లోనే సీఏ3 అనే ముక్క, తర్వాత సీఏ1 అనే ముక్క, మళ్లీ బయటికి. ఒక చుట్టు.

మీ పేరులోనే లాకులు ఉన్నాయి కాబట్టి అదే తీసుకుందాం. ప్రధాన కాలవలోంచి పిల్లకాలవలోకి నీళ్లు వదిలే చోట లాకు ఉంటుంది కదా. డెంటేట్ గైరస్ అలాంటి లాకు. అందులోని కణాలు మహా పిసినారివి. పైనుంచి ఎంత సమాచారం వచ్చినా ఏ కొద్ది కణాలో మాత్రమే పలుకుతాయి. ఆ పిసినారితనం వల్ల రెండు లాభాలు. ఒకటి, నిన్నటి కాఫీ, ఇవాళ్టి కాఫీ ఒకేలా ఉన్నా రెండింటికీ వేరువేరు కణాల గుంపులు పలుకుతాయి, అందుకే కలిసిపోవు. రెండు, పైన వరదొచ్చినా కింద పొలాలు మునగవు. అంటే ఫిట్స్ వ్యాపించవు.

జ్ఞాపకాన్ని విడదీసేదీ ఫిట్స్‌ని ఆపేదీ ఆ ఒక్క లాకే. అది పాడైతే రెండూ పోతాయి. మధ్యాహ్నం ఇంకా రాస్తాను.


లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 4, ఉదయం 11:15

పోలిక బాగుంది. పోలిక బాగున్నంత మాత్రాన నిజం కాదు. ఎలుకల సంగతి మనుషులకి అంటగట్టే ముందు కొంచెం ఆగుదాం. అల్జీమర్స్ ఎలుకలంటే మనిషి జన్యువుని బలవంతంగా చొప్పించి, అల్జీమర్స్ మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ మామూలుకన్నా ఎన్నో రెట్లు తయారయ్యేలా చేసినవే కదా? వాటికి ఫిట్స్ రావడం ఆ చొప్పించడం వల్లే కాదని గ్యారంటీ ఏమిటి?


పాలపిట్ట | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 3:30

మాస్టారూ, సరైన చోటే పట్టుకున్నారు. ఈ అభ్యంతరం మా వాళ్లలోనూ ఉంది. అందుకే ముందు ఎలుకల సంగతి చెప్పి, తర్వాత మనుషుల్లో ఏం చూశారో విడిగా చెబుతాను.

2007లో పాలోప్, మ్యూకీ వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ఎలుకల తలలకి రాత్రీపగలూ ఈఈజీ పెట్టి చూశారు. పైకి ఎలుక కదలకుండా కూర్చుని ఉంటుంది, లోపల మాత్రం ఫిట్స్. అంతకుముందు దాకా అల్జీమర్స్ అంటే కణాలు మెల్లగా మూగబోయే జబ్బు అనుకునేవారు. మూగబోవడానికి ముందు గోల ఎక్కువవుతుందని అప్పుడు గట్టిగా తేలింది. ఇదే ఎలుకల డెంటేట్ గైరస్‌లో, కణాల్లో కాల్షియాన్ని అదుపులో ఉంచే కాల్బిండిన్ అనే ప్రొటీన్ తరిగిపోయి కనబడింది. అది ఎంత తరిగితే జ్ఞాపకం అంత అధ్వాన్నం.

ఎందుకు తరుగుతుంది? ఇదీ నాకు ఈ మొత్తం కథలో బాగా ఇష్టమైన భాగం. ఫిట్ వచ్చిన ప్రతిసారీ డెంటేట్ కణాల్లో డెల్టాఫాస్‌బి అనే ప్రొటీన్ పేరుకుంటుంది. మామూలు ప్రొటీన్లలా గంటల్లో కరిగిపోదు, రోజుల తరబడి ఉంటుంది. అది జన్యువుల మీద కూర్చుని కొన్నింటిని నొక్కేస్తుంది, కాల్బిండిన్ జన్యువుతో సహా. 2017లో జీనీ చిన్ ల్యాబు వాళ్లు చూపించారు ఇది.

మీ ఊరి భాషలో చెప్పాలంటే, ఒకసారి వరదొచ్చి పొలాలు మునిగాక లాకు సూపరింటెండెంటు (మన డెల్టాఫాస్‌బి) భయపడి తలుపులు బిగించేశాడు. వరద తగ్గింది, ఆయన భయం తగ్గలేదు. వారాలు గడిచినా నీళ్లు వదలడు. పైరు ఎండుతోంది. పైరు ఎండినందుకు వరదని తిట్టాలా, బిగించిన తలుపుని తిట్టాలా? మీ అమ్మగారికి ఫిట్ వచ్చిన రోజంతా మతిమరుపు రెట్టింపు అన్నారు కదా. ఆ ఒక్కరోజు సంగతి చాలావరకు ఫిట్ తర్వాతి అలసట కావచ్చు. కానీ నెలకి రెండు మూడు వస్తుంటే తలుపు తెరుచుకునే వ్యవధే ఉండదు.


ఎడమవైపు | ఫిబ్రవరి 4, సాయంత్రం 6:52

మూగగా చదివేవాణ్ని, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

నాకు పదేళ్ల వయసు నుంచి ఫిట్స్. అల్జీమర్స్ కాదు, మామూలు టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ. పసితనంలో జ్వరంతో చాలాసేపు వాయి (ఫిట్స్) వచ్చిందట, అమ్మ చెబుతుంది. వచ్చే ముందు పొట్టలోంచి ఏదో పైకి ఎగదన్నుతున్నట్టు ఉండేది, ఇదంతా ఇంతకుముందే జరిగిందే అనిపించేది. పక్కవాడు అనబోయే మాట కూడా తెలిసినట్టే ఉండేది. స్కూల్లో దాన్ని పూర్వజన్మ జ్ఞానం అనుకుని కొంతకాలం గొప్పగా తిరిగాను.

ఎమ్మారైలో ఎడమ హిప్పోక్యాంపస్ ముడుచుకుపోయి తెల్లగా కనబడింది. స్క్లెరోసిస్ అన్నారు. మందులు మార్చి మార్చి చివరికి ఆపరేషన్ చేయించుకున్నాను. ఆపరేషన్‌కి ముందు వాడా టెస్టు అని ఒకటి చేశారు. రక్తనాళం గుండా మందు పంపి సగం మెదడుని కాసేపు నిద్రపుచ్చుతారు. ఎడమ సగం నిద్రపోగానే కుడి చెయ్యి దబ్బున పడిపోయింది, నోట మాట పోయింది. ఆ కాసేపట్లో నాకు బొమ్మలు చూపించి తర్వాత గుర్తున్నాయా అని అడిగారు. కుడి సగం ఒక్కటే జ్ఞాపకం మోయగలదా అని వాళ్ల పరీక్ష.

ఇప్పుడు ఫిట్స్ లేవు. పేర్లు మాత్రం దొరకవు. మనిషి మొహం తెలుసు, ఎక్కడ కలిశామో తెలుసు, పేరు నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోతుంది. అయితే ఇది ఆపరేషన్‌తో మొదలవలేదు. అంతకుముందే ఉంది, కాస్త పెరిగింది. పాలపిట్ట గారూ, నా లాకు కథ ఏమిటి?


చింతచిగురు | ఫిబ్రవరి 4, రాత్రి 8:10

ఎడమవైపు తమ్మీ, పూర్వజన్మ జ్ఞానం చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకు.


పాలపిట్ట | ఫిబ్రవరి 5, ఉదయం 8:25

ఎడమవైపు గారూ, మీ జబ్బు గురించి మావాళ్లకి అల్జీమర్స్ కన్నా ముందునుంచీ తెలుసు. 1880లోనే సొమ్మర్ అనే జర్మన్ వైద్యుడు మూర్ఛరోగుల మెదళ్లు కోసి చూసి, హిప్పోక్యాంపస్‌లో ఒక ముక్కలో కణాలు ఖాళీ అయిపోయాయని రాశాడు. ఇవాళ మేం సీఏ1 అనేది చాలావరకు ఆ ముక్కనే. సీఏ3 కూడా దెబ్బతింటుంది. మధ్యలో ఉన్న సీఏ2 మాత్రం మొండిగా మిగులుతుంది.

కింది కణాలు చచ్చిపోతే పై కణాల తీగలకి పట్టుకునే చెయ్యి ఉండదు. డెంటేట్ కణాల నుంచి కిందికి దిగే తీగల్ని నాచు తీగలు అంటారు, మొనలు నాచులా గుబురుగా ఉంటాయి కాబట్టి. ఆ తీగలు వెనక్కి తిరిగి, తమ పక్కనున్న డెంటేట్ కణాల్నే పట్టుకుంటాయి. కాలవ దిగువన పూడిపోతే నీళ్లు గట్టుకి గండి పెట్టుకుని వెనక్కి మళ్లినట్టు. ఒక కణం పలికితే పక్కది పలుకుతుంది, అది మళ్లీ మొదటిదాన్ని తడుతుంది. పిసినారి కణాలు కాస్తా గోల చేసే గుంపవుతాయి. ఈ వెనక్కి మళ్లిన తీగలే ఫిట్స్‌కి కారణమా, లేక ఫిట్స్ మిగిల్చిన మచ్చ మాత్రమేనా అన్నది మాలో ఇప్పటికీ తగాదానే.

మామూలు జ్వరం వాయి, అయిదారు నిమిషాల్లోపు ఆగిపోయేది, పిల్లల్లో ఈ నష్టం చేయదు. మీది చాలాసేపు ఉందన్నారు, అది వేరు. తల్లిదండ్రులెవరైనా చదివి టెన్షన్ పడకండని రాస్తున్నాను.


తీగలబుట్ట | ఫిబ్రవరి 5, ఉదయం 10:02

వాడా టెస్టు మాట వచ్చింది కాబట్టి, అంత జాగ్రత్త ఎందుకొచ్చిందో కొత్తవాళ్లకి చెప్పాలి. హెచ్.ఎం. అని పుస్తకాల్లో ఉండే మనిషి, అసలు పేరు హెన్రీ మొలైసన్. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో 1953లో ఫిట్స్ తగ్గడానికి స్కోవిల్ అనే సర్జన్ ఆయనకి రెండు వైపులా హిప్పోక్యాంపస్, చుట్టుపక్కల భాగం తీసేశాడు. అప్పటికి ఆయనకి 27. ఫిట్స్ బాగా తగ్గాయి. కొత్త జ్ఞాపకం అన్నది మాత్రం ఆ రోజుతో సరి. మాట్లాడి వెళ్లిన మనిషి పది నిమిషాల తర్వాత తిరిగొస్తే కొత్తగా పరిచయం చేసుకునేవాడు. 2008లో 82 ఏళ్ల వయసులో పోయాడు. అంటే 55 ఏళ్లు అలాగే.

బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వవేత్త ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. రోజురోజుకీ చెయ్యి తిరిగింది. కానీ ప్రతిరోజూ "ఇది నేనెప్పుడూ చేయలేదే" అనేవాడు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. 1957లో స్కోవిల్, మిల్నర్ కలిసి ఆయన జ్ఞాపకం పోయిన సంగతి రాశారు. ఆ తర్వాత రెండువైపులా తీయడం మానేశారు.

లాకులుగారూ, మీ అమ్మగారికి ఉప్పెన గుర్తుండి కాఫీ గుర్తులేకపోవడం కూడా ఈ జాతిదే. ఉప్పెన ఎప్పుడో చుట్టు తిరిగి పై పొరల్లోకి వెళ్లిపోయింది, వందసార్లు చెప్పుకుని గట్టిపడింది. ఇవాళ్టి కాఫీకి ఆ చుట్టు తిరిగే దారే సరిగ్గా లేదు.


పులిగడ్డ_లాకులు | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:40

ఇది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ "ఉప్పెన గుర్తుంటుంది గానీ మందు వేసుకున్నది గుర్తుండదా" అని అమ్మని నేను విసుక్కున్నాను. ఒకసారి కాదు.

పాలపిట్ట గారూ, మనుషుల సంగతి బాకీ ఉన్నారు.


పాలపిట్ట | ఫిబ్రవరి 5, రాత్రి 9:15

బాకీ తీరుస్తున్నాను. మాస్టారూ, ఇది మీకోసం కూడా.

2017లో బోస్టన్‌లో అల్జీమర్స్ ఉన్న ఇద్దరికి చెంప వైపు నుంచి, పుర్రె అడుగున సహజంగా ఉండే చిన్న రంధ్రం గుండా, సన్నటి తీగలు పంపి హిప్పోక్యాంపస్ పక్కన పెట్టారు. తల మీది ఈఈజీలో పెద్దగా ఏమీ లేదు. లోపలి తీగల్లో మాత్రం ఫిట్స్ కనబడ్డాయి, అదీ ఎక్కువగా నిద్రలో. పగటి జ్ఞాపకాల్ని హిప్పోక్యాంపస్ నెమరువేసి పై పొరలకి అప్పజెప్పేది నిద్రలోనే. అంటే దొంగ సరిగ్గా లెక్కలు రాసుకునే వేళకే వస్తున్నాడు. ఇద్దరే మనుషులు, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ వాళ్లలోకి జన్యువులు చొప్పించలేదు.

రెండోది. 2012లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు మతిమరుపు తొలిదశలో ఉన్నవాళ్లకి స్కానర్‌లో జ్ఞాపక పరీక్ష పెట్టారు. డెంటేట్, సీఏ3 భాగాలు మామూలుకన్నా ఎక్కువగా వెలిగాయి. అంతకుముందు కొందరు దీన్ని, పాపం మెదడు కష్టపడి సర్దుకుంటోంది అనుకునేవారు. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు కొద్దిపాటి మోతాదులో ఇస్తే ఆ వెలుగు తగ్గింది, పరీక్షలో మార్కులు పెరిగాయి. కష్టపడటం కాదు, అది గోలే అన్నమాట.

ఇంకో ముడి కూడా ఉంది. కణాలు ఎంత ఎక్కువగా పలికితే అంత ఎక్కువ అమిలాయిడ్ బయటికి వస్తుందని 2005లోనే ఎలుకల్లో చూపించారు. ఆ అమిలాయిడ్ కణాల్ని మరింత గోలపెట్టిస్తుంది. టావ్ అనే రెండో ప్రొటీన్ అల్జీమర్స్‌లో ముందుగా ముడులు పడేది ఎంటోరైనల్ కార్టెక్స్ పరిసరాల్లోనే, అంటే మన కాలవ మొదట్లోనే. మీ మొదటి ప్రశ్నకి 'రెండూ' అన్నది అందుకే.


లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 5, రాత్రి 10:31

ఇద్దరు మనుషులు, ఒక స్కానర్. సరే, దిశ బాగుంది. మరి ఫిట్స్ మందు ఇస్తే అల్జీమర్స్ వాళ్లు బాగుపడతారా? దానికి ట్రయల్ ఏమైనా ఉందా? లేకపోతే రేపు ఈ చర్చ చదివి ఎవరో ఒకరు మెడికల్ షాపుకి వెళ్లి ఆ మందు కొంటారు. మన జనం సంగతి మీకు తెలియనిది కాదు.


పాలపిట్ట | ఫిబ్రవరి 6, ఉదయం 8:50

ఉంది. 2021లో వచ్చింది. 34 మంది, రోజుకి రెండుసార్లు 125 మిల్లీగ్రాములు, నాలుగు వారాలు. మొత్తం అందర్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈఈజీలో ఫిట్స్ తరహా అలలు ఉన్నవాళ్లని విడిగా చూస్తే దారులు గుర్తుపట్టడంలో, అడ్డొచ్చేదాన్ని పక్కనపెట్టి అడిగిన పని మీదే దృష్టి నిలపడంలో మెరుగుదల కనబడింది. చిన్న ట్రయల్, నాలుగే వారాలు. జబ్బు ఆగిందని ఎవరూ అనలేదు.

కాబట్టి అల్జీమర్స్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ మందు అని కాదు. ఫిట్స్ నిజంగా ఉన్నాయా అని ప్రతి ఒక్కరిలో వెతకాలి, అదీ నా పక్షం. ఆ మందు మూత్రపిండాల గుండా పోతుంది, పెద్దవాళ్లకి వాటిని చూసి మోతాదు కట్టాలి. కొందరికి విపరీతమైన కోపం తెప్పిస్తుంది. సొంత వైద్యం వద్దు. వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపనూ వద్దు.


చింతచిగురు | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 2:20

మాది వరంగల్. మా అత్తమ్మని తొమ్మిదేండ్లు చూసుకున్న. మీరందరు రాసింది చదివి లాకులన్న మరీ ఆశ పెట్టుకుంటడేమో అని రాస్తున్న. మా అత్తమ్మకి మొదటి ఆరేడేండ్లు ఫిట్స్ అసలే లేవు. నిద్రలో ఈఈజీ తీసినా ఏం రాలే. అయినా మర్చిపోయింది. మొదట కొత్త మనుషుల్ని, తర్వాత ఇంటి దారి, తర్వాత మమ్మల్ని. చివర్ల మాత్రం చేతులు ఉలిక్కిపడుడు, రెండుసార్లు పెద్ద ఫిట్స్ వచ్చినయ్. అందరి మతిమరుపు వెనక ఫిట్స్ ఉండవు.

పెద్ద ఫిట్ వచ్చిన రోజు పక్కింటాయన తాళాల గుత్తి పట్టుకొని ఉరికొచ్చిండు, నేను పక్కకి తోసిన. తాళాలు వద్దు, నోట్లె చెంచా వద్దు. ఒక పక్కకి తిప్పి పండబెట్టాలె, గడియారం చూడాలె, అయిదు నిమిషాలు దాటితే దవాఖానకి.

ఇంకొకటి అడుగుదామని. మా అత్తమ్మ ఉర్దూ, తెలుగు రెండూ గడగడ మాట్లాడేది. రెండు భాషలొస్తే మతిమరుపు రాదని వాట్సాప్‌ల తిరుగుతది కదా, మరి?


లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 6, సాయంత్రం 5:05

ఇది నాకు తెలుసు, ఎందుకంటే మన హైదరాబాద్‌దే. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు వచ్చినవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. కాబట్టి అది చదువు వల్ల వచ్చిన తేడా అనడానికి లేదు. కానీ ఆలస్యంగా రావడం వేరు, రాకపోవడం వేరు. వాట్సాప్‌లో ఆ ఒక్క మాట ఎప్పుడూ రాలిపోతుంది.


పాలపిట్ట | ఫిబ్రవరి 6, రాత్రి 8:44

చింతచిగురు అక్కా, మీరు రాసింది నేను రాయాల్సింది. మర్చిపోయాను. ఇక్కడ ఇంకో రకం కూడా చెప్పాలి, అది మీ అత్తమ్మగారి కథకి పూర్తిగా ఎదురు. కొందరికి అరవై దరిదాపుల్లో, నిద్రలేవగానే ఓ అరగంటో గంటో జ్ఞాపకం పనిచేయదు. మాట్లాడతారు, నడుస్తారు, అడిగిందే అడుగుతారు. తర్వాత మామూలే. పాత ప్రయాణాలు, పెళ్లిళ్లు మాత్రం మెల్లగా చెరిగిపోతుంటాయి. చాలామందికి అల్జీమర్స్ అనో మానసికం అనో పేరు పెడతారు. అది ట్రాన్సియెంట్ ఎపిలెప్టిక్ అమ్నీసియా. కేవలం ఫిట్స్. కొద్ది మోతాదు మందుతోనే ఆ విడతలు ఎక్కువమందికి ఆగిపోతాయి. ఒకే కాలవకి ఇన్ని రకాల రోగాలు.


ఎడమవైపు | ఫిబ్రవరి 6, రాత్రి 11:58

నేను పేర్ల కోసం ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్తవాళ్లు పరిచయం కాగానే వాళ్ల పేరుని వాళ్ల గడపకి తగిలించుకుంటాను. మీరు ఎక్కడుంటారు అని అడిగి, ఆ వీధి, ఆ గుమ్మం ఊహించుకుని అక్కడ పేరు రాసేస్తాను. దారులు గుర్తుపెట్టుకునే పని నా కుడివైపు బాగానే చేస్తోంది మరి. ఎవరికైనా పనికొస్తుందేమో అని.


నిఘంటువు_తాత | ఫిబ్రవరి 7, ఉదయం 5:50

హిప్పోక్యాంపస్‌లో చోటుని గుర్తుపట్టే కణాలు ఉన్నాయని కనిపెట్టినాయనకి 2014లో నోబెల్ ఇచ్చారు, ఒకీఫ్. మీ గడప పద్ధతి ఆయనకి చెబితే సంతోషిస్తాడు.


పులిగడ్డ_లాకులు | మార్చి 9, రాత్రి 9:30

నెల దాటింది, సంగతులు చెప్పాలి.

రాత్రంతా ఈఈజీ తీశారు. మెలకువగా ఉన్న మొదటి అరగంటలో ఏమీ లేదట. తెల్లవారుజామున రెండింటి తర్వాత ఎడమ కణత దగ్గర గుచ్చుకున్నట్టు అలలు, ఒకసారి నలభై సెకన్ల ఫిట్. అమ్మ ఆ నలభై సెకన్లూ హాయిగా నిద్రపోతూనే ఉంది. నేను పక్కనే ఉన్నా తెలియలేదు.

మందు మొదలుపెట్టారు. పొద్దున్న ఉండిపోవడం ఈ మూడు వారాల్లో ఒకే ఒక్కసారి వచ్చింది. మా ఆవిడ డైరీలో టైముతో సహా రాస్తోంది. కాఫీ సంగతి ఇంకా మర్చిపోతూనే ఉంది, రోజూ కాదు. మొదటి వారం కోపం బాగా వచ్చింది, పేపరు అబ్బాయి మీద గేటు దాకా వెళ్లి మరీ అరిచింది. డాక్టరుగారు మోతాదు సర్దారు, ఇప్పుడు ఫరవాలేదు. అల్జీమర్స్ అల్జీమర్సే అని ఆవిడ ముందే చెప్పారు. ఇది దాని మీద పడుతున్న అదనపు బరువు మాత్రమే అన్నారు.

మొన్న మధ్యాహ్నం, "నిన్న నువ్వు తెచ్చిన జామకాయలు ఏవిరా" అంది. నిన్న తెచ్చినవే. మామూలుగానైతే నేను పట్టించుకునేవాణ్ని కాదు.

ఆరు నెలలకి మళ్లీ ఈఈజీ అన్నారు. తీగలబుట్ట గారూ, ఏమైనా జాగ్రత్తలు?


తీగలబుట్ట | మార్చి 9, రాత్రి 10:12

డైరీ ఆపకండి, ఎన్ని గంటలు నిద్రపోయిందో కూడా రాయమనండి. మందు మామూలుగానే వేయండి, డాక్టరు ఆపమంటే తప్ప. ముందురోజు తలంటు పోయండి, నూనె రాయకండి. నూనె ఉంటే తీగలు అంటవు, మేం తల తుడవడానికే అరగంట పడుతుంది.


పులిగడ్డ_లాకులు | మార్చి 9, రాత్రి 10:20

నూనె రాసుకోకుండా గుమ్మం దాటించడం కష్టం. మొన్న కూడా హాస్పిటల్‌కి అని చెప్పగానే ముందు సీసా తీసింది.